మడికి మల్చింగ్ ఎంత? కొలత, మందం, బస్తాల లెక్క

ఎండలు ముదరగానే పెరటి తోట వాళ్లకూ మిద్దె తోట వాళ్లకూ ఒకటే సందేహం వస్తుంది. మొక్కల చుట్టూ మట్టిని కప్పడానికి ఎంత గడ్డి తేవాలి? ఎన్ని బస్తాల ఆకులు పోగెయ్యాలి? ఎక్కువమంది దీన్ని కంటి అంచనాకు వదిలేస్తారు. కన్ను దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతుంది. కుప్పగా పోసినప్పుడు బోలెడన్ని ఉన్నట్టు కనబడిన ఎండుటాకులు మడిలో సగం దూరం పరిచేసరికే అయిపోతాయి. మిగతా సగంలో పలచగా చల్లి మమ అనిపిస్తారు. పది రోజులకు అక్కడ తుంగ మొలుస్తుంది, మట్టి ఎప్పట్లాగే నెర్రెలిస్తుంది. మల్చింగ్ వల్ల లాభమేమీ లేదన్న మాట అప్పుడే పుడుతుంది.

దీనికి ఎదురు రకం మనుషులూ ఉన్నారు. నాలుగు మడులకు ఒక ట్రాలీ గడ్డి దింపించుకుంటారు. వాడగా మిగిలింది ప్రహరీ మూలన చెదలకు మేతవుతుంది.

ఈ రెండు ఇబ్బందులూ తప్పాలంటే కావలసినవి ఒక టేపు, ఒక బకెట్, చిన్నప్పుడు నేర్చుకున్న గుణకారం. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మందం ఎందుకు ముఖ్యం

లెక్కలోకి దిగేముందు, ఈ కప్పు మట్టి మీద ఏం పని చేస్తుందో గుర్తు చేసుకుందాం. ఎండ నేరుగా తగలకుండా ఆపి తేమ ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. మట్టి పైపొర కాగిపోకుండా చూసి లేత వేళ్లను కాపాడుతుంది. కలుపు గింజలకు వెలుతురు అందనివ్వదు. వాన చినుకులకు మట్టి చిట్లి కింది ఆకుల మీద పడకుండా అడ్డుకుంటుంది. టమాటాలో మట్టి నుంచి ఆకులకు ఎక్కే తెగుళ్లు ఇందువల్లే కొంత తగ్గుతాయి. సుభాష్ పాలేకర్ చెప్పే ప్రకృతి వ్యవసాయంలో బీజామృతం, జీవామృతం, వాఫసలతో పాటు ఆచ్ఛాదనను (మట్టిని కప్పడాన్ని) కూడా ఒక మూలస్తంభంగా పెట్టడానికి కారణం ఇదే.

ఈ పనులన్నీ మందాన్ని బట్టే జరుగుతాయి. పొర పలచనైతే వెలుతురు సందుల్లోంచి దూరిపోతుంది, కలుపు ఆగదు. మరీ మందమైతే చిన్న జల్లు పడ్డప్పుడు ఆ నీళ్లన్నీ కప్పే తాగేస్తుంది, మట్టికి చుక్క దిగదు. గాలి ఆడక వేళ్లు నీరసిస్తాయి, కాండం మొదలు కుళ్లుతుంది. అందుకే ఎంత తేవాలన్న ప్రశ్న కంటే ముందు ఎంత మందం నిలవాలన్నది తేల్చుకోవాలి.

సూత్రం ఒక్కటే

అడుగుల్లో కొలిచేవారికి: చదరపు అడుగులను అంగుళాల మందంతో గుణించి 12తో భాగించండి. వచ్చేది ఘనపు అడుగులు.

మీటర్లలో కొలిచేవారికి ఇంకా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు మందం పరవడానికి సరిగ్గా 10 లీటర్లు పడుతుంది. కాబట్టి చదరపు మీటర్లను సెంటీమీటర్లతో గుణించి పక్కన ఒక సున్నా చేర్చండి. వచ్చేది లీటర్లు.

ఒక ఘనపు అడుగు అంటే సుమారు 28 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే రెండు పద్ధతుల మధ్య అటూ ఇటూ మారొచ్చు.

ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న వంగ మడి తీసుకోండి. విస్తీర్ణం 48 చదరపు అడుగులు. దాని మీద 2 అంగుళాలు వేరుశనగ పొట్టు పరవాలంటే 48ని 2తో గుణించి 12తో భాగిస్తే 8 ఘనపు అడుగులు. లీటర్లలో 226. మీటర్ల లెక్కలో మరో మడి: 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, అంటే 3.6 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల మందానికి 180 లీటర్లు, అంటే 20 లీటర్ల పెయింటు బకెట్‌తో తొమ్మిది.

చోటు కొలవడం

మడి నలుచదరంగా ఉంటే పని పొడవు, వెడల్పులతోనే అయిపోతుంది. కానీ పెరట్లో అన్నీ అలా ఉండవు.

ఇంటి మూల తిరిగిన మడిని రెండు ముక్కలుగా ఊహించుకుని విడివిడిగా కొలిచి కూడండి. ప్రహరీ మూలన మూడు పలకలుగా మిగిలిన చోటైతే, రెండు గోడల వెంబడి పొడవులు గుణించి సగం చేయండి. ఆ రెండు గోడలు లంబంగా కలిసినప్పుడే ఈ లెక్క కుదురుతుంది. వంకర టింకర అంచులున్న పూల మడికి పొడవు ఒకసారి కొలిచి, వెడల్పును మాత్రం నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఆ సగటును పొడవుతో గుణిస్తే మన అవసరానికి సరిపోయే అంకె వస్తుంది.

చెట్ల పాదులు గుండ్రంగా ఉంటాయి. వాటికి అడ్డుకొలత తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.785తో గుణించండి. ఎదుగుతున్న మామిడి మొక్క పాదు అడ్డంగా 6 అడుగులుంటే 6 ఆర్లు 36, దాన్ని 0.785తో గుణిస్తే 28 చదరపు అడుగులు. 3 అంగుళాల మందానికి 7 ఘనపు అడుగులు. పాదు ఎంత వెడల్పుండాలో తెలియకపోతే మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు చూడండి. నీళ్లు తాగే వేళ్లలో చాలా భాగం ఆ పరిధిలో ఉంటాయి.

కొబ్బరి పాదు లెక్క వింటే చాలామంది ఉలిక్కిపడతారు. కాండం నుంచి 1.8 మీటర్ల దూరం దాకా చుట్టూ 10 సెంటీమీటర్ల మందాన కొబ్బరి పొట్టు పరవాలన్నది తోటల్లో చెప్పే సిఫారసు. విస్తీర్ణం 10 చదరపు మీటర్లు దాటుతుంది. కావలసింది వెయ్యి లీటర్లకు పైనే, అంటే ఒక్క చెట్టుకు యాభై బకెట్లు. కోనసీమ తోటల్లో ఆ చెట్టు డొక్కలనూ మట్టలనూ ఆ పాదులోనే వేస్తారు. బయటి నుంచి ఇంత సరుకు మోసుకురావడం గిట్టే పని కాదు మరి.

మడిలో మొక్కల కాండాలు ఆక్రమించే చోటును తీసివేయనక్కర్లేదు, అది లెక్కలోకి రానంత తక్కువ. రాళ్లు, నడిచే దారి, నీటి తొట్టి లాంటివి మాత్రం తీసేయండి.

ఏ సరుకుకు ఎంత మందం

ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం ఇది: సరుకు ఎంత ముతకైతే కప్పు అంత మందం, ఎంత మెత్తనైతే అంత పలచన. ముతక సరుకులో సందులు ఎక్కువ, గాలి బాగా ఆడుతుంది, వెలుతురూ దూరుతుంది. మెత్తనిది దగ్గరగా అతుక్కుంటుంది, కొద్ది మందంతోనే వెలుతురును ఆపుతుంది, మోతాదు మించితే గాలినీ ఆపేస్తుంది.

- వరిగడ్డి: వదులుగా 5 నుంచి 6 అంగుళాలు పరవండి. కొద్ది వారాల్లో కుంగి 2 నుంచి 3 అంగుళాలు నిలుస్తుంది.
- ఎండుటాకులు: 4 అంగుళాలు పరిస్తే 2 నిలుస్తాయి. బాదం, పనస లాంటి పెద్ద ఆకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని నీటిని జార్చేస్తాయి. వాటిని చేత్తో నలిపి వేయండి. వేప, కానుగ, చింత ఆకులకు ఆ బాధ లేదు.
- చెరకు చెత్త: 4 నుంచి 5 అంగుళాలు. అరజానెడు ముక్కలుగా నరికితే బాగా సర్దుకుంటుంది.
- చెక్క ముక్కలు, బెరడు: 3 అంగుళాలు. చెట్ల పాదులకు, పూల మడులకు మేలు.
- వేరుశనగ పొట్టు: 2 అంగుళాలు. గింజలు మిగిలి ఉంటే ఎలుకలు తవ్వుతాయి, ఏరేసి వాడండి.
- ఊక: ఒకటి, మహా అయితే ఒకటిన్నర అంగుళం. పరచగానే నీళ్లు చిలకరించకపోతే గాలికి లేచిపోతుంది.
- కొబ్బరి పొట్టు: మడుల్లో, కుండీల్లో ఒక అంగుళం. కడిగి ఉప్పు పోగొట్టాక వాడండి. చెట్ల పాదులకైతే పైన చెప్పినట్టు ఇంకా మందంగా వేయొచ్చు.
- రంపపు పొట్టు: ఒక అంగుళం లోపు, మట్టిలో కలపకుండా పైన మాత్రమే. మట్టిలో కలిస్తే అది కుళ్లే క్రమంలో సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి.
- లాన్‌లో కోసిన పచ్చి గడ్డి: ఒక్కోసారి ఒక అంగుళానికి మించకూడదు. కుప్పపడితే వేడెక్కి జిగటగా మారి కంపు కొడుతుంది. ఆరబెట్టి వేస్తే మంచిది.

వయ్యారిభామను కోసి కప్పేవారు పూత రాకముందే కోయాలి. గింజ కట్టాక పరిస్తే మీ చేత్తో మీరే కలుపు విత్తినట్టు. జామాయిల్ పచ్చి ఆకులను లేత మొక్కల దగ్గర వేయకండి.

కుంగుడు లెక్క

పరిచిన మందం, నిలిచిన మందం ఒకటి కావు. అంచనాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చెక్క ముక్కలు, వేరుశనగ పొట్టు పెద్దగా కుంగవు, పదో వంతు అదనంగా తెస్తే చాలు. ఎండుటాకులు, గడ్డి సగానికి దిగుతాయి. కాబట్టి నిలవాల్సిన మందాన్ని రెట్టింపు చేసి లెక్క కట్టండి.

ఇందాకటి 48 చదరపు అడుగుల వంగ మడికే వేరుశనగ పొట్టు బదులు ఎండుటాకులు వేద్దాం. నిలవాల్సింది 2 అంగుళాలు, పరవాల్సింది 4. ఇప్పుడు 48ని 4తో గుణించి 12తో భాగిస్తే 16 ఘనపు అడుగులు. మడి అదే, నిలిచే మందమూ అదే. కానీ తేవలసిన సరుకు రెట్టింపైంది.

లీటర్ల నుంచి బస్తాల్లోకి

ఊకనో ఆకులనో ఘనపు అడుగుల్లో ఎవరూ అమ్మరు. మన ఇళ్లలో దొరికే కొలతలోకి మార్చుకోవాలి. 25 కిలోల బియ్యం సంచి ఇందుకు బాగా పనికొస్తుంది. బియ్యం ఉన్నంత ఎత్తుకు దాన్ని మళ్లీ నింపితే సుమారు 30 లీటర్లు పడుతుంది, అంటే ఒక ఘనపు అడుగుకు కాస్త ఎక్కువ. కాబట్టి ఘనపు అడుగు ఒక్కింటికి ఒక సంచి అనుకోండి. పై మడికి వేరుశనగ పొట్టు 8 సంచులు, ఎండుటాకులైతే 16 సంచులు. సంచిని కాలితో తొక్కి కూరితే లెక్క మారిపోతుంది. విప్పగానే ఆకులు పొంగి ఎక్కువ చోటు కప్పుతాయి. అందుకే అన్ని సంచులనూ ఒకే తీరున నింపండి.

కిలోల లెక్కన అమ్మేవారి దగ్గర కొనేటప్పుడు ముందు 20 లీటర్ల బకెట్ నిండా సరుకు పోసి తూకం వేయించండి. ఊక అయితే రెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మీకు 200 లీటర్లు కావాలంటే పది బకెట్లు, అంటే 20 కిలోలు. తడిసిన సరుకు బరువెక్కుతుంది, కాబట్టి పొడిగా ఉన్నప్పుడే తూయించండి. 5 కిలోల కొబ్బరి పొట్టు దిమ్మను నీళ్లలో నానబెడితే 60 నుంచి 70 లీటర్ల దాకా పొంగుతుంది. 2 సెంటీమీటర్ల మందాన అది మూడు చదరపు మీటర్లకు సరిపోతుంది.

ట్రాలీ లెక్కన కొంటే సూత్రాన్ని తిరగేయండి. ట్రాలీ పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 12తో గుణించి, పరవాలనుకున్న అంగుళాలతో భాగించండి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చెక్క ముక్కలుంటే 120 ఘనపు అడుగులు. 3 అంగుళాల మందాన 480 చదరపు అడుగులు కప్పుతుంది. మీ మడులన్నీ కలిపి 200 చదరపు అడుగులే అయితే పక్కింటివారితో పంచుకోండి.

వరిగడ్డి మోపులను ఇలా కొలవడం కష్టం. దానికి పరీక్ష ముక్క పద్ధతి మేలు. మడిలో ఒక చదరపు మీటరు గీసుకుని, కావలసిన మందం వచ్చేదాకా గడ్డి పరవండి. ఆ గడ్డిని తీసి తూయండి. ఆ బరువును మొత్తం చదరపు మీటర్లతో గుణిస్తే ఎన్ని కిలోలు కావాలో తేలిపోతుంది. పేరు తెలియని ఏ సరుకుకైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

మిద్దె మీద కుండీలు

గుండ్రటి గ్రోబ్యాగుకు 2 అంగుళాల కప్పు వేయాలంటే ఇంత పడుతుంది: 12 అంగుళాల వెడల్పు దానికి 3.7 లీటర్లు, 15 అంగుళాలకు 5.8, 18 అంగుళాలకు 8.3, 24 అంగుళాలకు 15 లీటర్ల కంటే కొద్దిగా తక్కువ. వెడల్పు రెట్టింపైతే సరుకు నాలుగింతలవుతుందని గమనించండి. మీ మిద్దె మీద 12 అంగుళాలవి ఇరవై, 18 అంగుళాలవి పది ఉంటే 74, 83 కలిపి 157 లీటర్లు. ఎనిమిది బకెట్లు, లేదా ఆరు బియ్యం సంచులు. ఆకులైతే రెట్టింపు.

కుండీలో మట్టిని అంచు దాకా నింపితే కప్పు వేయడానికి చోటుండదు. పైన కనీసం 3 అంగుళాలు ఖాళీ వదలండి. మిద్దె మీద గాలి ఎక్కువ కాబట్టి ఊక, పొడి ఆకుల పైన నాలుగు కొబ్బరి డొక్కలో పుల్లలో బరువుగా పెట్టండి.

కాలం, నేల

మందం ఏడాది పొడవునా ఒకేలా ఉండకూడదు. మార్చి నుంచి రోహిణి కార్తె దాటేదాకా పూర్తి మందం కావాలి. మంచి విషయం ఏమిటంటే, సరిగ్గా దానికి ముందే, శిశిరంలో, మన చెట్లు చాలావరకు ఆకు రాలుస్తాయి. వీధుల్లో ఊడ్చి తగలబెట్టే ఆ ఆకులను సంచుల్లోకి ఎత్తుకుంటే ఎండాకాలానికి సరిపడా సరుకు ఖర్చు లేకుండా దొరుకుతుంది. తొలకరి పడ్డాక కప్పును సగానికి తగ్గించండి. ముసురు రోజుల్లో మందపాటి కప్పు కింద నత్తలు, రోకలిబండలు చేరతాయి, తేమ ఆరక వేళ్లు కుళ్లుతాయి. తీసినదాన్ని కంపోస్టు గుంతలో వేయండి.

చల్కా, దుబ్బ నేలల్లో తేమ త్వరగా జారిపోతుంది, అక్కడ చెప్పిన మందంలో పై అంకె తీసుకోండి. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, ఎండాకాలంలో నెర్రెలు పడకుండా కప్పు అవసరమే గానీ కింది అంకె చాలు. వానాకాలంలో ఇంకా తగ్గించాలి.

కొన్ని పంటలకు ఒక్కసారి వేస్తే సరిపోదు. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ అల్లం, పసుపు పంటలకు నాటగానే ఒకసారి, 40 రోజులకు, 90 రోజులకు మళ్లీ పచ్చి ఆకు కప్పమంటుంది. పెరట్లో నాలుగు పసుపు కొమ్ములు పెట్టినవారికీ ఇదే వర్తిస్తుంది. మొత్తం సరుకు ఒకేసారి తెచ్చి పడేయకుండా మూడు విడతలుగా లెక్క వేసుకోండి.

పరిచే రోజు

1. ముందు కలుపు తీసేయండి. మొలిచిన తుంగను, గరికను ఆకుల కప్పు చంపదు.
2. మట్టిని బాగా తడపండి. పొడి మట్టిని కప్పితే అది పొడిగానే ఉండిపోతుంది. డ్రిప్పు పైపులుంటే కప్పు కిందకు రావాలి.
3. కాండానికి కప్పు తగలకూడదు. కూరగాయ మొక్కలకు బెత్తెడు, చెట్లకు జానెడు దూరం వదలండి.
4. విత్తనాలు చల్లిన తోటకూర, పాలకూర మడులకు వెంటనే మందంగా వేయకండి. నారుమడికి పలచగా గడ్డి కప్పినా మొలక కనబడగానే తీసేయాలి. మొక్కలు బెత్తెడు ఎదిగాక సందుల్లో పరవండి.
5. ఇంటి గోడకు ఒక అడుగు దూరంలో ఆపేయండి. చెదల భయమున్న చోట కప్పు కింద వేపపిండి చల్లండి.
6. పరిచాక అయిదు చోట్ల స్కేలు గుచ్చి మందం చూడండి. అంచుల్లో పలచబడి ఉంటే మధ్యలోంచి లాగి సర్దండి.

నెలకోసారి ఇదే స్కేలు పరీక్ష చేయండి. మన వంగ మడిలో 2 అంగుళాల ఆకు కప్పు ఒక అంగుళానికి దిగిందనుకోండి. తగ్గింది ఒక అంగుళం, కుంగుడు కలిపితే పరవాల్సింది రెండు. 48ని 2తో గుణించి 12తో భాగిస్తే 8 సంచులు. కప్పు కింద నల్లగా మారిన పొరను తీసేయకండి, అది మట్టిలోకి చేరుతున్న ఎరువు.

సరుకు చాలకపోతే

లెక్క వేశాక 16 సంచులు కావాలని తేలింది, చేతిలో 8 ఉన్నాయి. అందరూ చేసే పని, ఆ ఎనిమిదింటినే మడంతా పలచగా చల్లడం. అప్పుడు ఎక్కడా కలుపు ఆగదు, ఎక్కడా తేమ నిలవదు. ఉన్న సరుకును సగం మడిలోనే పూర్తి మందంతో పరవండి. ఏ సగమంటే, మధ్యాహ్నం ఎండ నేరుగా పడేది, లేదా నీళ్లకు త్వరగా వాడే టమాటా, వంగ, దోస మొక్కలున్నది. మిగతా సగానికి ఆకులు దొరికినప్పుడు వేయొచ్చు.

ఈ వారం మీ పని

ఒక నోటు పుస్తకం తీసుకుని మీ మడులకు, పాదులకు, కుండీలకు వరుస నంబర్లు వేయండి. ప్రతి దానికి ఎదురుగా అయిదు గళ్లు గీయండి: విస్తీర్ణం, సరుకు, పరవాల్సిన మందం, ఘనపు అడుగులు, సంచులు. మొదటి రోజు కొలతలు, రెండో రోజు లెక్కలు. మూడో రోజు మీకు దగ్గరలో ఏ సరుకు దొరుకుతుందో వాకబు చేయండి. రైస్ మిల్లులో ఊక, కట్టె కోత మిల్లులో బెరడు, చెరకు రసం బండి దగ్గర పిప్పి, కొబ్బరి బోండాల దుకాణం దగ్గర డొక్కలు ఉంటాయి. చెరకు పిప్పిలో తీపి పోయేదాకా ఎండబెట్టకపోతే చీమలు పడతాయి.

ఇక్కడ చెప్పిన అంకెలు మొదటి ఏడాదికి మాత్రమే ఆధారం. మీ నేల, మీ ఎండ, మీ సరుకు ఎంత కుంగుతుందో మీ నోటు పుస్తకమే రెండో ఏటికి చెబుతుంది. కాబట్టి కొలవకుండా కొనకండి. కొన్నది చాలకపోతే మందం తగ్గించకండి, చోటు తగ్గించండి.